వార్త ఎంత, నా మాట ఎంత

శేషారత్నంగారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆవిడ జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. చీరాలలో బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యాక కూడా పిల్లలు సందేహాలతో ఆవిడ గుమ్మం ఎక్కడం మానలేదు. వయసు మీదపడి, విన్నది మనసులో నిలవడం లేదన్న బెంగతో, ఎదుటివాళ్ళు చెప్పినదాన్ని ఒకసారి తన నోటితో తిరిగి చెప్పుకోవడం ఆవిడకు ఈమధ్య అలవాటైంది.

డిగ్రీ చదువుతున్న ప్రవల్లిక ఒక ఆదివారం సాయంత్రం దిగులుగా వచ్చింది. పేపర్లో వచ్చిన ఒక వార్త మీద స్పందన రాసి తెమ్మన్నారట కాలేజీలో. వానకు నేతపేటలో మగ్గం గుంటల్లోకి నీళ్ళు ఊరిన వార్త తీసుకుని ఆమె రెండుసార్లు రాసింది. మాస్టారు రెండుసార్లూ వెనక్కిచ్చారు. మొదటిసారి, ఉన్న వార్తనే మళ్ళీ రాశావన్నారు. రెండోసారి, ఇందులో వార్త ఎక్కడుందని అడిగారు. రేపు కూడా తిప్పికొడితే ఇక రాయడం తన వల్ల కాదని ఒప్పుకోవలసిందేనని ఆ పిల్ల భయం.

"వార్త ఎంత రాయాలి, నా మాట ఎంత రాయాలి టీచర్?"

శేషారత్నంగారు ఆమె రాసిన కాగితాలు చదివారు. పేపర్లోంచి కత్తిరించి తెచ్చిన ముక్క కూడా చదివారు. తర్వాత చెప్పులు వేసుకున్నారు. ఆ వార్తలో పేరున్న భూలక్ష్మి ఇల్లు రెండు వీధుల అవతలే, పలకరించి వద్దాం రమ్మన్నారు.

భూలక్ష్మి ఇంట్లో మగ్గం గుంటలో ఇంకా ఊట ఆగలేదు. విప్పిన కొయ్యలు గోడకు చేరేసి ఉన్నాయి. వీళ్ళకంటే ముందే వచ్చి కూర్చున్న వీరరాఘవయ్య, తన చిన్నతనంలో వచ్చిన తుఫానుకు వాళ్ళ నాన్న మగ్గం ఎలా కొట్టుకుపోయిందో చెబుతున్నాడు. భూలక్ష్మి తలాడిస్తోంది. ఆయన గడప దాటాక, మంచం మీదున్న ఆమె అత్తగారు, "ఏ ఇంటికి పలకరింపుకెళ్ళినా ఆయన వెంట ఆయన తుఫానూ వస్తుంది" అంది.

ప్రవల్లిక నవ్వింది. నవ్వి, తనూ ఊరుకోలేక మొదలుపెట్టింది. మురుగుకాలవల సంగతి, రావలసిన పరిహారం, చేనేతను పట్టించుకునేవాళ్ళు లేకపోవడం, కాగితంలో రాసినవన్నీ వరసగా చెప్పింది. అన్నీ నిజాలే. భూలక్ష్మి వాటికీ అలాగే తలాడించి, చెంబు తీసుకుని గుంటలో నీళ్ళు తోడటానికి లేచింది.

శేషారత్నంగారు గుంట పక్కన పీట వాల్చుకుని, అసలెలా జరిగిందో చెప్పమన్నారు. తెల్లవారేసరికి అడుగునుంచి నీరు ఊరడం మొదలైందనీ, పైన పెంకుల్లోంచి కారిందనీ, అప్పటికి మగ్గం మీద పెళ్ళిచీర సగం దాకా వచ్చి ఉందనీ భూలక్ష్మి చెప్పింది. పంతులమ్మ అలవాటు ప్రకారం తిరిగి చెప్పుకున్నారు.

"అంటే, చీర నీళ్ళలో నాని పాడైపోయిందన్నమాట."

ప్రవల్లిక కాగితంలో ఉన్న మాటే అది. భూలక్ష్మి చేతిలో చెంబు ఆగింది.

"నానలేదు టీచరుగారూ. నేనే కోశాను. మగ్గం మీంచి చీర విప్పి తీసే వ్యవధి లేదు, కొయ్యా, పోగులు దిగే అచ్చూ తడిస్తే ఇక మగ్గమే ఉండదు. మా ఆయనకు కొయ్యడానికి చెయ్యి రాక బయటికెళ్ళి నిలబడ్డాడు. పేపరతనికీ చెప్పానే ఈ మాట."

ప్రవల్లిక సంచిలోంచి ఆ ముక్క తీసి చూసుకుంది. చివరి వాక్యం అదే. ఎన్నిసార్లు తెరిచి చూసినా, పెద్దక్షరాల దగ్గరే కోపం వచ్చేది. కోపం వచ్చాక కళ్ళు పరుగెత్తాయే తప్ప చదవలేదు.

ముక్క మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. తర్వాత, కోసినదాన్ని ఏం చేశావు పిన్నీ అని మెల్లగా అడిగింది. భూలక్ష్మి చెంబు పక్కనపెట్టి, పెట్టెలోంచి ఒక మడత తెచ్చి విప్పింది. ఆకుపచ్చ పట్టు. ఒక వైపు అంచు తీరుగా ఉంది, రెండో వైపు తెగిన పోగులు వేలాడుతున్నాయి. ప్రవల్లిక ఆ పోగుల మీద వేళ్ళు పెట్టింది.

"మగ్గం మీద పడుగు పోగులు ఉన్నప్పుడు మా నాయనమ్మ మమ్మల్ని కత్తెరతో ఆ గదిలోకే రానిచ్చేది కాదు. నాకైతే చెయ్యి ఆడేది కాదు పిన్నీ."

భూలక్ష్మి ఆమె మొహంలోకి చూసింది. "నాకూ ఆడలేదమ్మా" అని పక్కనే నేలమీద కూర్చుంది. ఆ పొద్దున కత్తెర ఎలా కింద పెట్టిందో, మళ్ళీ ఎలా తీసిందో, అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది చెబుతూపోయింది. మంచం మీదున్న అత్తగారు కూడా అటు తిరిగి విన్నది.

తిరిగి వస్తూ, వీధి మలుపులో, ప్రవల్లిక మళ్ళీ అదే అడిగింది. వార్త ఎంత, తన మాట ఎంత అని.

"భూలక్ష్మి నీ ఏ మాటకు నీళ్ళు తోడటానికి లేచిందో, ఏ మాటకు నీ పక్కన కూర్చుందో గుర్తుందా?"

ఉందన్నది ఆమె.

"అయితే త్వరగా ఇంటికెళ్ళి రాసుకో" అన్నారు శేషారత్నంగారు. "అలాంటివే ముందు మరిచిపోతాం."