జారని గూడ

మణిపూడి రాజు సూరపరాజుకు ఒక ఉదయం మనిషి భుజమెక్కి ఊరేగాలని బుద్ధి పుట్టింది. ఆ ఆశ పెట్టింది ఆస్థాన మల్లుడు బసవజెట్టే. రాజుగారిని కుడి భుజం మీద కూర్చోబెట్టుకుని కోట చుట్టూ మూడుసార్లు తిరగగలనని ముందురోజు విందులో కోతలు కోశాడు. రాజుగారు చిన్న మనిషి కారు. ఆయన పల్లకీకి ఎనిమిదిమంది బోయీలు కావాలి.

రాజు పిలిపిస్తే, జెట్టి కుడి జబ్బ పట్టుకుని మూలుగుతూ సభకు వచ్చాడు. పొద్దున మర్దన చేస్తూ గవరమ్మ తన భుజపు గూడ జార్చేసిందని మొరపెట్టుకున్నాడు.

గవరమ్మ కోటలో ఎముకలు కట్టే మనిషి. నలభై ఏళ్లుగా విరిగినవి అతికించింది, జారినవి ఎక్కించింది. ఆమెను సభకు పిలిపించి, నేరం రుజువైతే పొద్దు గూకేలోగా కోట విడిచి పోవాలన్నాడు రాజు.

ఆమె జెట్టి భుజం మీద రెండు వేళ్లు వేసి చూసింది. గుండ్రంగా, నిండుగా ఉంది. గూడ జారితే ఆ గుండ్రం చదునైపోయి, భుజం కొసన ఎముక పొడుచుకొస్తుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. అయితే ఆ మాట తను చెబితే ఎవరు నమ్ముతారు? నేరం మోపింది తన మీదే కదా.

అందుకని తల వంచుకుని, తప్పు తనదే అయి ఉండొచ్చని ఒప్పుకుంది. ఒక్క పరీక్ష మిగిలిందంది.

"గూడ జారిన చెయ్యి పట్టు తప్పుతుంది దొరా. అవతలి భుజం మీద ఇట్టే పోయి పడుతుంది, మోచెయ్యి రొమ్ముకు అతుక్కుంటుంది. అతుక్కోకపోతే అది వట్టి బెణుకు."

జెట్టి ఆలస్యం చేయలేదు. మూలుగుతూనే కుడి అరచెయ్యి ఎడమ భుజం మీద వేశాడు. మోచెయ్యి రొమ్ముకు ఆనించాడు. ఇంకాస్త ఆనాలేమో అని గవరమ్మ సందేహపడితే, గట్టిగా నొక్కి మరీ చూపించాడు.

"కళ్లు పెట్టుకుని చూడవే ముసలీ. అతుక్కుందా లేదా?"

"అతుక్కుంది నాయనా."

ముందుగా నవ్వింది గుర్రపు దళవాయి వీరపనాయుడు. అతను నిరుడు గుర్రం మీంచి పడి గూడ జార్చుకున్నాడు. ఎందుకా నవ్వని రాజు అడిగితే, ఆ రోజు తన మోచెయ్యి నలుగురు పట్టి తోసినా రొమ్ము దరికి రాలేదని చెప్పాడు. రాజు గవరమ్మ వైపు తిరిగాడు.

"జారిన గూడతో ఆ చెయ్యి అక్కడికి చేరదు దొరా. నేను చెప్పింది అబద్ధం, జెట్టిగారు చేసి చూపించింది నిజం."

సభ పగలబడి నవ్వింది. జెట్టి ఇంకా చెయ్యి దించలేదు. రాజు పంచె ఎగ్గట్టి, అతన్ని వంగమని, ఆ కుడి భుజం మీదే ఎక్కి కూర్చున్నాడు. జెట్టి మూలుగుతూ పైకి లేస్తుంటే, రాజు పైనుంచే తన బంగారు దండకడియం ఊడదీసి గవరమ్మ చేతికి తొడిగాడు. అది ఆమె జబ్బ మీద నిలవలేదు. మోచెయ్యి దాటి, జర్రున జారి మణికట్టు దగ్గర ఆగింది.