గుట్టెక్కిన బిందెలు

అనగా అనగా, మబ్బుల్ని తాకే మేడలున్న నగరంలో, ఏ మేడకూ పట్టని ఒక గుట్ట బస్తీ. ఆ గుట్ట కొసన, రేకుల ఇంట్లో పెంటమ్మ అనే స్లాబు కూలీ ఉండేది. ఆమె కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి.

"నీళ్లు కాచి చల్లార్చి, గుక్క గుక్కగా తాగిస్తూనే ఉండు. లేకుంటే పిల్ల దక్కదు" అంది డాక్టరమ్మ.

నీళ్లెక్కడివి? రోజుకొక్క ట్యాంకర్ వచ్చేది. గుట్ట కిందే ఆగేది. అరగంట కాగానే వెళ్లిపోయేది.

మొదటి రోజు పెంటమ్మ బతిమాలింది. "అక్కా, ఒక్క బిందె! పిల్లకు పానం బాగలేదు."

ట్యాంకర్ ఆగేచోటే ఇల్లున్న మణెమ్మ మూతి తిప్పింది. "గుట్ట మీద ఇల్లు కట్టమని నేను చెప్పిన్నా? ఆకాశం దగ్గరే గదా, వాననడుగు!"

అందరూ నవ్వారు. ఒకామె మాత్రం చెంబెడు పోసింది.

రెండో రోజు పెంటమ్మ తోసుకుంటూ పోయి బిందె నింపింది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ గుద్దుకునే దారి అది. ఇల్లు చేరేసరికి సగమే మిగిలింది.

మూడో రోజు అందరూ కలబడ్డారు. పైపు చేజారింది. నీళ్లు మట్టిపాలయ్యాయి. అరగంట కాగానే, ఇంకా నీళ్లున్న ట్యాంకర్ కదిలిపోయింది. ఆ రోజు మణెమ్మ బిందె కూడా ఖాళీయే.

పెంటమ్మ ఇంట్లో ఇక చెంబెడు నీళ్లే ఉన్నాయి. అయినా ఆమె ఏడవలేదు. అందరికీ కనబడేలా అక్కడే ఉన్న ఒక బండ ఎక్కి నిలబడింది.

"ఏమ్మా, మనమందరం కూలికి పోయేటోళ్లమే గదా! మూడంతస్తుల మీదికి సిమెంటు మాలు ఎట్ల ఎక్కిస్తం?"

"తట్టలు ఒకరి చేతికెల్లి ఒకరికి అందిస్తం" అన్నారు అందరూ.

"మరి నీళ్లకెందుకు తలా ఒక దిక్కు ఉరుకుతున్నం? రేపు వరుసగ నిలబడదాం. ముందు కొసనున్న ఇంటికే పంపుదాం."

"అబ్బో, ముందు నీకేనా తల్లీ!" అంది మణెమ్మ.

"స్లాబు ఏడికెల్లి మొదలుపెడతమక్కా? దూరపు మూలకెల్లే గదా! కిందోళ్లకు ముందు నిండితే ఇంట్లకు పోతరు. వరుస తెగిపోదా?"

మణెమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు ట్యాంకర్ వచ్చేసరికి, గుట్ట కింది నుంచి కొస దాకా అందరూ వరుసగా నిలబడ్డారు. మొదటి బిందె మణెమ్మ చేతుల్లోనే నిండింది. ఆమె గడప రెండడుగుల దూరం.

మణెమ్మ గడప వైపు చూసింది. గుట్ట కొస వైపు చూసింది.

"పట్టుకోవే, బరువుంది!" అని పక్కామె చేతిలో పెట్టింది.

బిందె వెనక బిందె గుట్టెక్కింది. అరగంట కాకముందే ఇంటింటా నీళ్లు చేరాయి. అందరికన్నా చివర మణెమ్మ బిందె నిండింది. కొసనున్న ఇంట్లో పిల్ల కాచి చల్లార్చిన నీళ్లు ఒక గుక్క తాగింది. మళ్లీ ఇంకొక గుక్క అడిగింది.

కాబట్టి పిల్లలూ, దూరాన ఉన్నవాళ్లకు ముందు అందించే చోట, దగ్గరున్నవాళ్లకు ఎన్నడూ తక్కువ కాదు.