శేషరాజు మేత

చిత్రగిరి రాజు ప్రతాపచంద్ర దేవుకు ఒక ముచ్చట పుట్టింది. మన్యం దొర కానుకగా పంపిన కొండచిలువకు శేషరాజు అని పేరు పెట్టి, కోటలో ప్రాణంగా పెంచుకుంటున్నాడాయన. ఎల్లుండి పొరుగు రాజు విందుకు వస్తున్నాడు. ఆయన కళ్ళముందే శేషరాజు ఓ జంతువును అమాంతం మింగి చూపించాలి!

"ఏం పెడదాం?" అని సభను అడిగాడు.

సర్దారు బలభద్ర పాత్రుడు మీసం దువ్వుకుంటూ లేచాడు. ఏ మాటకైనా అందరికన్నా ముందు లేచేది ఆయనే.

"అది రాజుగారి పాము ప్రభూ! మేకపోతుకు తగ్గితే మన పరువేం కావాలి?"

పామును సాకే పోలమ్మ ఆ మాట విని గబగబా ముందుకొచ్చింది. పోయిన నెల కూడా ఈ పాత్రుడి మాట విని మేకపిల్లను పెట్టారు. శేషరాజు నానా అవస్థా పడి మింగింది, మూడోనాడు కక్కేసింది. పది రోజులు తలెత్తలేదు. పోలమ్మ దాని పక్కనే చాప వేసుకుని కాపలా కాసింది. ఈసారి మేకపోతంటే మరి బతకదు.

"వద్దు మారాజా! ఒక్క పందికొక్కు చాలు," అంది చేతులు జోడించి.

సభంతా గొల్లుమంది. రాజు ముఖం ఎర్రబడింది.

"మా శేషరాజుకు పందికొక్కా? నలుగురిలో నన్ను నవ్వులపాలు చేద్దామనా?"

"అది ఇంకా లేత పాము మారాజా. ఒళ్ళంతా కలిపి నా ముంజేయంత లావుంది."

"పాము నోరు ఎంతైనా సాగుతుంది. ఆపాటి తెలియకుండానే పాముల్ని సాకుతున్నావా?" అని పాత్రుడు వెటకారం చేశాడు.

"నోరు సాగుతాది బాబుగారూ. లోపలికి పోవద్దా?"

రాజు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "రేపు భోజనాల వేళకు నీ మాట రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే మేకపోతు ఖాయం. నువ్వూ కోట విడిచి పోవాలి."

పోలమ్మ తిన్నగా వంటశాలకు నడిచింది.

మర్నాడు అందరికీ విస్తళ్ళు వేశారు. పాత్రుడి ముందు మాత్రం వెండి పళ్ళెం, అందులో గుమ్మడికాయంత బూందీ లడ్డూ! పచ్చకర్పూరం ఘుమఘుమలాడిపోతోంది.

"బాబుగారి హోదాకు తగ్గ లడ్డూ," అంది పోలమ్మ.

పాత్రుడు పొంగిపోయి లడ్డూ విరవబోయాడు.

"ఆగండి. పాముకు చేతుల్లేవు."

రాజుకు హుషారొచ్చింది. "నిజమే! చేతులు వెనక్కి పెట్టుకో పాత్రుడూ."

పాత్రుడు వంగి కొరకబోయాడు.

"పాము కొరుక్కు తినదు బాబుగారూ. ఒక్కసారే మింగాలి."

"ఇంత లడ్డూ నా నోట్లో ఎలా పడుతుందే!"

"అయితే పట్టేదే తెచ్చాను," అంటూ పోలమ్మ బత్తాయంత లడ్డూ తీసింది.

రాజు చూస్తున్నాడు. అంతమంది ముందు వెనక్కి తగ్గితే పాత్రుడి పరువేం కాను? గుహలా నోరు తెరిచాడు. పోలమ్మ లడ్డూను లోపలికి కుక్కింది.

నోట్లో పట్టింది. అంతే! లడ్డూ మింగుడుపడదు, బయటికి రాదు. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి, కళ్ళు మిటకరించాయి.

"నోరు సాగింది మారాజా. గొంతును కూడా సాగమనండి!"

రాజు నవ్వు బిగబట్టుకుని అడిగాడు. "పాత్రుడూ, మేకపోతు పెడదామా?"

పాత్రుడు తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపుకు తలపాగా ఎగిరి సాంబారు గిన్నెలో పడింది.

పంక్తి పంక్తంతా కడుపు పట్టుకుని నవ్వింది. రాజుకైతే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"మరి ఎంత పెట్టాలే పోలమ్మా?"

"మన పరువును కొలిచి పెట్టకండి మారాజా, దాని నడుం కొలిచి పెట్టండి. అది ఎంత లావో మేతా అంతే లావు!"

రాజు చేతి బంగారు కడియం తీసి పోలమ్మ చేతిలో పెట్టాడు. "ఇకమీదట శేషరాజు మేత సంగతి ఈమె తప్ప ఎవరూ మాట్లాడకూడదు. రేపు విందులో పందికొక్కే!"

అప్పటికి లడ్డూ సగం కరిగి, పాత్రుడికి మాట పెగిలింది.

"నీళ్ళు!"