గేటుకు కట్టిన గుమ్మడికాయ

ముత్యాలనగర్ కాలనీలో భానోజీరావు అనే పెద్దమనిషి ఉండేవాడు. సభలో మంచిపనికి అందరికంటే ముందు చెయ్యెత్తడం, ఇంటికొచ్చాక ఆ చెయ్యి జేబులో దాచుకోవడం ఆయనకు అలవాటు.

ఆ నగరంలో ఇళ్ల అద్దెలు కొండెక్కి కూర్చున్నాయి. ఊరికి వండిపెట్టేవాళ్లు, ఊరిని ఊడ్చేవాళ్లు ఊరవతల ఎక్కడో ఉండేవారు. అందుకని నగరపాలక సంస్థ ఒక కొత్త నిబంధన తేవాలనుకుంది. పెద్ద అపార్టుమెంటు ఎవరు కట్టినా, అందులో కొన్ని ఇళ్లు తక్కువ అద్దెకు పేదవాళ్లకు ఇవ్వాలి. జనం ఏమంటారో తెలుసుకోవడానికి టౌన్‌హాల్లో సభ పెట్టారు.

భానోజీరావు మైకు అందుకున్నాడు. “పొద్దున్నే మనకు ఇడ్లీ పెట్టే మనిషి మన పక్కింట్లో ఉంటే తప్పేమిటి? ఉండాలి!” అన్నాడు. హాలంతా చప్పట్లు. నిబంధన నెగ్గింది.

వెనక నిలబడి వింటున్న నూకరత్నం కళ్లు తుడుచుకుంది. ఆవిడ ఆ కాలనీ మలుపులో బండి మీద ఇడ్లీలు అమ్మేది. మొదటి బస్సు అందుకోవడానికి, నిద్రపోతున్న పిల్లలిద్దరినీ ఇంట్లో వదిలి, బయట గొళ్లెం పెట్టి వచ్చేది. వాళ్లు లేచేసరికి అమ్మ ఏనాడూ ఇంట్లో ఉండేది కాదు.

ఆ నిబంధన కింద మొదటి అపార్టుమెంటు ఎక్కడో కాదు, భానోజీరావు ఇంటి పక్క స్థలంలోనే లేచింది. లాటరీలో కింది అంతస్తు ఇల్లు నూకరత్నానికి వచ్చింది. ఆ వంటింటి కిటికీ సరిగ్గా ఆయన వరండాకు ఎదురుగా ఉంది.

భానోజీరావుకు అన్నం సహించలేదు. రేపు ఇడ్లీబండి తన గోడకు ఆనించి పెడతారు. తీగ మీద బట్టలు ఆరేస్తారు. ఇంటికొచ్చే చుట్టాలు ఏమనుకుంటారు? పోనీ పైకి వద్దందామంటే నోరు రాదు. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి మరి! అందుకని ఒక ఉపాయం ఆలోచించాడు.

మర్నాడు బండి దగ్గర ఇడ్లీ తింటూ గొంతు తగ్గించి, “రత్నం, నీ మంచి కోరి చెబుతున్నాను. ఆ ఇంటికి వీధిపోటు ఉంది. ఎదురువీధి తిన్నగా వచ్చి ఆ గోడకే తగులుతోంది, చూశావా? అలాంటి ఇళ్లలో పిల్లలకు గండం అంటారు,” అన్నాడు.

నూకరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. “నిజమేనా బాబూ?”

“నీకు అబద్ధం చెబితే నాకేం వస్తుంది?”

“మీరు కాబట్టి చెప్పినారు. ఇంకొకలైతే మనకెందుకులే అని ఊరుకుందురు,” అంటూ ఆవిడ దణ్ణం పెట్టింది. అడక్కుండానే ఆయన ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసింది. ఆయన తిన్నాడు కూడా!

ఆ వారంలోనే నూకరత్నం నగరపాలక సంస్థ ఆఫీసుకు వెళ్లి ఇల్లు వద్దని చెప్పి వచ్చింది. భానోజీరావు కాలు మీద కాలు వేసుకుని వరండాలో హాయిగా కూర్చున్నాడు.

అమావాస్య నాటి పొద్దున గేటు చప్పుడైంది. చూస్తే నూకరత్నం. ఆవిడ చేతుల్లో పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన బూడిద గుమ్మడికాయ ఉంది.

“ఏమిటిది రత్నం?”

“నాకు నిద్దర పట్టడం లేదు బాబూ. ఆ వీధి సగం ఆ గోడకి తగిల్తే, సగం మీ గేటుకే కదా తగుల్తాది! సెలవులకొస్తే మీ మనవరాలు ఇక్కడే ఆడుకుంటాది. మాకైతే మీరు చెప్పినారు. మరి మీకెవరు చెప్తారు? గుళ్లో పూజ చేయించి తెచ్చినాను. కట్టనివ్వండి.”

నిజం చెప్పడానికి అదే సమయం. భానోజీరావు చెప్పలేకపోయాడు. ఆవిడ ఎక్కడానికి స్టూలు తెచ్చి వేశాడు. అది ఊగకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ గేటు కమానుకు గుమ్మడికాయ కట్టి, ఆయన మనవరాలి పేరు చెప్పి కళ్లు మూసుకుని మొక్కింది. ఆవిడ పిల్లల పేరు చెప్పి తాను భయపెట్టాడు. ఆవిడేమో తన మనవరాలి కోసం మొక్కుతోంది. భానోజీరావు సిగ్గుతో కుంచించుకుపోయాడు.

ఆవిడ అటు వెళ్లగానే చొక్కా తొడుక్కుని ఆఫీసుకు పరుగెత్తాడు. “ఆ ఇల్లు మళ్లీ నూకరత్నానికే ఇవ్వండి. తప్పు నాది,” అని బతిమాలాడు.

“వరసలో తర్వాతివాళ్లకు నిన్ననే తాళాలు ఇచ్చేశామండీ. ఆవిడ మళ్లీ లాటరీలో పేరు వేసుకోవాలి. ఇంకో అపార్టుమెంటు ఎప్పుడు కడతారో మరి!” అన్నాడు అధికారి.

తాళాలు అందుకున్నవాడు ఒక ఆటోడ్రైవరు. అతను సామాను దింపుతుంటే కాలనీలో ఎవరో వీధిపోటు సంగతి చెప్పారు. అతను పకపకా నవ్వి, “ఇన్నాళ్లూ వానొస్తే మంచాలెక్కి కూర్చున్నోళ్లం. వీధిపోటు మమ్మల్నేం చేస్తాది?” అంటూ లోపలికి వెళ్లాడు. భానోజీరావు వరండాలోంచి ఆ మాట విన్నాడు. తన అబద్ధం పేదవాళ్లు రాకుండా ఆపలేదు. తనను నమ్మిన ఒక్క మనిషికి మాత్రం ఇల్లు లేకుండా చేసింది.

మర్నాడు ఆయన బండి దగ్గరకు వెళ్లి, తింటున్నవాళ్లందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. “పోటూ లేదు, గండమూ లేదు. నువ్వు నా పక్కన ఉండడం ఇష్టంలేక కల్పించాను. నన్ను క్షమించు, రత్నం.”

తింటున్నవాళ్లు చేతులు ఆపి చూశారు. నూకరత్నం తిట్టలేదు.

“ఇష్టం లేదంటే నేనే వచ్చేదాన్ని కాదు కదా బాబూ. నా పిల్లల పేరెందుకు ఎత్తినారు?” అంది.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, వెనకాల ఉన్నతనికి ప్లేటు అందించింది.

ఆ తర్వాత కూడా నూకరత్నం పిల్లలను వదిలి, గొళ్లెం పెట్టి, మొదటి బస్సుకే వచ్చేది. భానోజీరావు గేటుకు గుమ్మడికాయ అలాగే ఎండిపోయింది. “ఏమండీ, దిష్టి తగిలిందా?” అని ఎవరైనా అడిగితే ఆయన తల వంచుకుని జరిగిందంతా చెప్పేవాడు. దాన్ని మాత్రం విప్పలేదు.

నీతి: పేదవాడికి ఇల్లు ఉండాలని సభలో చెయ్యెత్తడం ఎవరైనా చేస్తారు, ఆ ఇల్లు మన గోడ పక్కకు వచ్చిన రోజున కూడా ఆ చెయ్యి దించనివాడే నిజంగా దాన్ని కోరుకున్నవాడు.