నీళ్ళు తాగని లాంచీ

లింగమూర్తి గారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే వచ్చేది కాదు. నేస్తున్న మగ్గం ఆపి, తెగిన పోగు ఉంటే ముడివేసి, కళ్ళజోడు తుడుచుకుని, అడిగినవాడికి ముందు గ్లాసుడు మజ్జిగ ఇప్పించేవారు. ఆ మజ్జిగ తాగేలోపు సగంమంది తామడిగింది మరిచిపోయి ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. మరిచిపోని వాళ్ళే నిజంగా అడిగినవాళ్ళని ఆయన ఉద్దేశం. చింతలరేవులో సాలీల వీధి చివర ఆయన ఇల్లు. కాషాయం కట్టలేదు, పీఠం ఎక్కలేదు. పౌర్ణమికి పదిమంది చేరితే తత్త్వాలు పాడుకునేవారు, అంతే. అయినా గోదావరికి ఆ గట్టునా ఈ గట్టునా ఆయన్ని గురువుగారు అనని వాళ్ళు లేరు.

ఒక వేసవి మధ్యాహ్నం ఓలేటి గవరయ్య ఆయన దగ్గరికి వచ్చాడు. మజ్జిగ తాగాడు, గ్లాసు కడిగి బోర్లించాడు, అయినా అడగాల్సింది మరిచిపోలేదు.

"గురువుగారండీ, మనసులోకి ఏదీ రాకుండా చేసుకోవాలంటే ఏం చెయ్యాలండి? ఒక్కటంటే ఒక్కటి కూడా రాకూడదండి."

లింగమూర్తి గారు కళ్ళజోడు పెట్టుకుని అతని వంక చూశారు. "నీ లాంచీ ఎలా ఉంది నాయనా?" అన్నారు.

గవరయ్యకు చిన్నతనమనిపించింది. ఎంతో ఆలోచించుకుని తెచ్చిన ప్రశ్న అది. "దానికేముందండి, గట్టుమీద ఎండుతుందండి."

"దాన్ని నీళ్ళలో దింపు. తర్వాత మాట్లాడుకుందాం," అని గురువుగారు మళ్ళీ మగ్గంలో కాళ్ళు పెట్టారు.

ఆ లాంచీ పేరు జలలక్ష్మి. చింతలరేవు నుంచి నది మధ్య లంకలకు జనాన్ని దాటించేది. గవరయ్య దానికి సరంగు, అంటే నడిపేవాడు. అతని భార్య నూకరత్నం లాంచీలో మెట్ల పక్కనున్న బల్లమీద కూర్చుని టిక్కెట్లు ఇచ్చేది. టిక్కెట్లు ఇచ్చేదనడం కంటే కబుర్లు చెప్పేదనడం నయం. ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో, ఎవరి కోడలికి వేవిళ్ళో, ఏ లంకలో అరటి గెల ఎంత దిగిందో ఆ బల్లమీద తెలిసేది. గవరయ్య వెనక చుక్కాని పట్టుకుని, ఆవిడ గొంతు వింటూ లాంచీ నడిపేవాడు. తనకంటూ మాట్లాడాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. అతని మాటలు కూడా ఆవిడే మాట్లాడేసేది.

తర్వాత గోదావరి మీద వంతెన కట్టారు. జనం ఆటోలెక్కారు. లాంచీని గట్టుమీదికి లాగి పెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు ఆ ఏడే నూకరత్నం జ్వరమొచ్చి చనిపోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. గవరయ్య కంట నీరు పెట్టలేదు. చెయ్యాల్సినవన్నీ చేసి, ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు తలుపు తట్టారు, తర్వాత తట్టడం మానేశారు. గవరయ్యకు అదే బాగుందనిపించింది. కానీ బియ్యం కడిగిన ప్రతిసారీ చెయ్యి ఇద్దరికి సరిపడా పోసేది. మిగిలిన అన్నం చూస్తే ఇల్లు మరీ పెద్దదిగా కనపడేది. ఆ ఇంట్లో ఆ మనిషి పడిన ఒంటరితనం పగవాడికి కూడా వద్దు.

ఇప్పుడు ఆ లాంచీకీ ముప్పు వచ్చింది. పెద్ద వరద వస్తే అది తేలి, కొట్టుకొచ్చి రేవు మెట్లను పగలగొడుతుందని ఊరి పెద్దల భయం. గోదావరికి తొలి వరదతో ఎర్రనీళ్ళు వచ్చేలోపు బాగు చేసి రేవులో కట్టుకో, లేదా కన్నబాబుకు ఇచ్చేయమన్నారు. కన్నబాబు పాత పడవలు కొని, చెక్కను ఇటుక బట్టీలకూ ఇనుమును పాత సామాను కొట్లకూ వేస్తాడు. అప్పటికే ఒకసారి వచ్చి, సంతలో గేదెను చూసినట్టు లాంచీ పక్కలు చరిచి చూసుకుని వెళ్ళాడు. నూకరత్నం కూర్చున్న బల్ల బట్టీలో కాలిపోతుందని తలుచుకుంటే గవరయ్యకు ముద్ద దిగలేదు. లోకంలో ఆవిడ చోటంటూ మిగిలింది అదొక్కటే. గురువుగారు చెప్పకపోయినా అతను ఆ పనికి పూనుకునేవాడేమో. చెప్పారు కాబట్టి మర్నాడే మొదలుపెట్టాడు.

చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇసుకలో కూరుకుపోయిన పాత నావల్లోంచి మేకులు ఊడదీసి, రాయిమీద పెట్టి తిన్నగా కొట్టుకున్నాడు. ఎవరో పారేసిన డబ్బాల అడుగున మిగిలిన రంగు గీకి తెచ్చాడు. దాంతో లాంచీకి ఒక పక్క ఆకుపచ్చ, ఒక పక్క నీలం వచ్చాయి. సైకిలు అమ్మి, పొలాల్లో పాడైపోయిన పంపుసెట్టు భాగాలు కొని, ఎప్పుడో ఇంటికి చేర్చిన లాంచీ ఇంజనుకు అమర్చాడు. ఇంటి అరుగుమీద ఆ ఇంజను దగ్గి, తుమ్మి, చివరికి ఆడింది. దాన్ని లాంచీలోకి ఎత్తడానికి మాత్రం నలుగురు కావాలి. ఆ సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు. చెక్కల సందుల్లో దట్టించడానికి నూలు కావాలంటే గురువుగారు మగ్గం కింద మిగిలిన పోగులన్నీ మూట కట్టి ఇచ్చారు.

పక్కింటి వెంకాయమ్మ గోడ మీంచి చూసి ఉండబట్టలేకపోయింది. "ఒరే గవరయ్యా, ఆ లాంచీ కట్టిన మాణిక్యాచారి పక్కూళ్ళోనే ఉన్నాడు కదరా. చూపు తగ్గిందిగానీ చెయ్యి తగ్గలేదంట. ఒక్కసారి పిలవకూడదూ? అడగందే అమ్మైనా పెట్టదు."

"అక్కర్లేదు పిన్నీ."

"పోనీ మా వాళ్ళని పంపనా?"

"అక్కర్లేదన్నానా!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. వెంకాయమ్మ మూతి తిప్పుకుని లోపలికి పోయింది.

గోదావరి రేవుల్లో ఒక పద్ధతి ఉంది. గట్టుమీద ఎండిన పడవ సందులను ఎవరూ నేరుగా పూడ్చరు. ముందు దాన్ని లోతు తక్కువ నీళ్ళలోకి లాగి, రాళ్ళు వేసి ముంచేస్తారు. పడవకు నీళ్ళు తాగించడం అంటారు దాన్ని. ఎండిన చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది, సందులు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. అప్పుడు లేపి, నీళ్ళు తోడి, మిగిలిన సందుల్లోనే నూలు వేసి, గుగ్గిలం కాచి పోస్తారు. ఇది గవరయ్యకు తెలియదా అంటే, ఏళ్ళ తరబడి దగ్గరుండి చూశాడు. కానీ లాంచీని ముంచి మళ్ళీ లేపడానికి పదిమంది కావాలి. పదిమంది కావాలంటే పది గడపలు ఎక్కాలి. ప్రతి గడపలోనూ ఎవరో ఒకరు నూకరత్నం పేరెత్తుతారు. ఆ పేరు ఇంకొకరి నోట వినడం అతనివల్ల కాదు. అదీగాక ఆ బల్లను తన చేతులతో నీళ్ళలో ముంచడమా? వద్దనుకున్నాడు.

అందుకని రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలో, నోళ్ళు తెరుచుకున్న సందులన్నిట్లో నూలు దట్టించాడు. ఉలి పెట్టి, సుత్తితో కొట్టి, ఇంక పోగు పట్టదనేదాకా దట్టించాడు. పైన గుగ్గిలం పోశాడు. వేలు పెట్టి తడిమితే సందు ఎక్కడుందో తెలియనంత నునుపుగా చేశాడు. గురువుగారు ఒకసారి అటుగా వచ్చి లాంచీని చేత్తో నిమిరారు.

"ఎవరైనా సాయం ఉన్నారా నాయనా?"

"ఎందుకండీ, నాకు నేను చాలండి."

ఆయన చేతికంటిన గుగ్గిలం తుడుచుకున్నారు. గొడుగు వేసుకుని వెళ్ళిపోయారు.

ఆషాఢంలో ఎర్రనీళ్ళు వచ్చాయి. గోదావరి మెల్లగా గట్టెక్కి, లాంచీ కిందికి చేరి, ఎవరి సాయమూ లేకుండా దాన్ని ఎత్తింది. గవరయ్య తాడు పట్టుకుని ఒక్కడే దాన్ని రేవు పక్కకు నడిపించి కట్టుకున్నాడు. లోపలికి దిగి అడుగున అరచెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. సాయంత్రం చూశాడు, పొడిగానే ఉంది. పరుగులాంటి నడకతో సాలీల వీధికి వెళ్ళాడు.

"ఒక్క చుక్క రాలేదండి! గురువుగారండీ, ఒక్క చుక్క!"

చాలాకాలానికి అతని ముఖంలో కళ కనిపించింది. లింగమూర్తి గారు మజ్జిగ ఇప్పించి, "సంతోషం నాయనా. కొన్నాళ్ళు చూడు," అన్నారు.

కొన్నాళ్ళు కూడా పట్టలేదు. ఒక మధ్యాహ్నం గవరయ్య లాంచీలోనే కూర్చుని అన్నం తింటున్నాడు. టప్పుమని చప్పుడైంది. ఒక మేకు ఊడి వచ్చి పళ్ళెం పక్కన పడింది. అదేమిటా అని చేతిలోకి తీసుకునేలోపు ఇంకొకటి ఊడింది. తర్వాత లాంచీ మూలగడం మొదలుపెట్టింది. బయటినుంచి నీళ్ళు తాగిన చెక్కలు ఉబ్బుతున్నాయి. ఉబ్బడానికి చోటు లేదు. సందు సందులోనూ నూలు రాయిలా బిగిసి ఉంది. చెక్కను చెక్క తోసింది, లోపలి వంపుకర్రలు రెండు ఫెళ్ళున విరిగాయి, అడుగు పలక తన చోటు వదిలి పైకి లేచింది. గోదావరి లోపలికొచ్చింది.

గవరయ్య ఆ పలకమీద కూర్చున్నాడు. కాళ్ళతో తొక్కాడు, చొక్కా విప్పి కుక్కాడు, రెండు చేతులతో అదిమాడు. ఒకచోట అదిమితే ఇంకోచోట లేచింది. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. అప్పుడతను పైకెక్కి గట్టువంక చూశాడు. పిలవాలని నోరు తెరిచాడు. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు ఒకరిని పిలిచి.

"రండీ... ఎవరైనా రండయ్యా! నా లాంచీ పోతంది!"

ఆ కేక కోసమే కాచుకున్నట్టు జనం వచ్చారు. వెంకాయమ్మ బక్కెట్టు పట్టుకుని అందరికంటే ముందు దిగింది. వెనకే ఆవిడ కొడుకులు దిగారు. ఇస్త్రీ ప్యాంటుతో కన్నబాబు దూకి తోడడం మొదలుపెట్టాడు. ఎవరో పోయి మాణిక్యాచారిని మోటారుసైకిలు మీద కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ముసలాయన నీళ్ళలోకి దిగి, పలకలమీద అరచెయ్యి వేసి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా తడిమాడు.

"నీళ్ళు తాగించావట్రా గవరయ్యా?"

గవరయ్య తల వంచుకున్నాడు. ముసలాయన తిట్టలేదు. "తోడింది చాలు, ఆపండి," అన్నాడు. "తాళ్ళు కట్టి లోతు తక్కువ చోటికి లాగండి. అక్కడ మునగనియ్యండి."

"మునగనివ్వడమేటి తాతా?" అన్నాడు కన్నబాబు.

"దాహమేసినదానికి నీళ్ళు కాక ఏం పోస్తార్రా? రెండు కర్రలు విరిగినాయి, నేను చేసిత్తాను. మిగతాదంతా బతికే ఉంది. ముందు ఆ నూలు పీకండి. కడుపునిండా తాగాక లేపుదాం." గవరయ్యవైపు తిరిగాడు. "లేపడానికి జనం కావాల్రా. నేను పిలవను. ఇంటింటికీ నువ్వే వెళ్ళి పిలుచుకో."

మునిగి ఉన్న లాంచీ ఎక్కడికీ కొట్టుకుపోదు కాబట్టి ఊరి పెద్దలు సరేనన్నారు. కన్నబాబు ప్యాంటు పిండుకుంటూ, "ఇంక నాకొద్దులెండి. తడి చెక్క బట్టీలో పెడితే పొగే గానీ మంట రాదు," అన్నాడు. చెక్క ఎండుతుందని అతనికి తెలియక కాదు.

తాళ్ళు కట్టి లాగారు. లాంచీ మెల్లగా దిగింది. నీళ్ళు అడుగు నిండి, మెట్లెక్కి, పక్కనున్న బల్లమీదికి వచ్చాయి. గవరయ్య నడుము లోతు నీళ్ళలో నిలబడి చూశాడు. బల్ల మునిగింది. "నూకరత్నం కూర్చునేది," అన్నాడు ఎవరితోనో. అంతే, మనిషి కూలిపోయాడు. ఆవిడ పోయిననాడు రాని ఏడుపు అంతమంది మధ్య, సిగ్గూ శరమూ లేకుండా, చిన్నపిల్లాడిలా వచ్చింది. ఎవరో ఊరుకోబెట్టబోతే వెంకాయమ్మ కసిరింది. "ఏడవనియ్యండి. ఎవరూ ఆపకండి." తర్వాత ఆవిడే మొదలెట్టింది, తన రెండో కాన్పుకు గాలివానలో లాంచీ తీయించి, దారి పొడుగునా నూకరత్నం తన చెయ్యి వదలకుండా కూర్చున్న సంగతి. ఇంకొకరు ఇంకోటి చెప్పారు. గవరయ్య ఏడుస్తూనే విన్నాడు. తనకు తెలియని నూకరత్నం ఊళ్ళో ఇంత ఉందని అతనికి అప్పుడు తెలిసింది.

పొద్దు వాలేసరికి జనం వెళ్ళిపోయారు. గవరయ్య తడిబట్టలతో గట్టుమీద కూర్చున్నాడు. నీళ్ళపైన లాంచీ కప్పు ఒక్కటే కనపడుతోంది. గురువుగారు ఎప్పుడు వచ్చారో, పక్కన నిలబడి ఉన్నారు. రేపు ముందు ఎవరి గడప ఎక్కాలి, ఏమని పిలవాలి అని గవరయ్య అప్పటిదాకా కూడబలుక్కుంటున్నాడు. ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఒక్క చుక్క దిగకుండా మూసేనండి," అన్నాడు. "నేను చేసిన తప్పేటండి?"

లింగమూర్తి గారు మునిగిన లాంచీవైపు చెయ్యి చూపించారు.

"మూయడం తప్పు కాదు నాయనా," అన్నారు. "ఎండినప్పుడు మూశావు."