బోర్డు కోసం పెరిగిన గుమ్మం

చిట్టడవి పక్కన, ఏటి రేవు నుంచి పైకి పోయే వీధిలో జంతువుల కొట్లుండేవి. కొట్టుకి బోర్డు దేనికి? లోపల ఏం దొరుకుతుందో చెప్పడానికి. ఆ చిన్న సంగతి అక్కడ అందరూ మరిచిపోయారు. కోతి బారెడు బోర్డు పెడితే, పోటీగా ఎలుగుబంటి రెండు బారల బోర్డు వేలాడదీసింది. చివరికి ఆ వీధిలో బోర్డులే తప్ప కొట్లు కనబడకుండా పోయాయి.

అందరికంటే నష్టపోయింది విస్తళ్ళమ్మే మేకమ్మ. సరుకంతా ఆకులే అయినా ఒక్కటీ నోట పెట్టకుండా వ్యాపారం చేస్తోందంటే ఎంత నిగ్రహమో చూడండి! పక్కనే నక్కబావ బెల్లం కొట్టు. వాడి బోర్డు గోడకి అడ్డంగా వీధిలోకి చాచుకుని ఉండేది. రేవు నుంచి వచ్చేవాళ్ళకి దాని వెనక ఇంకో కొట్టుందనే తెలియదు. చూస్తే పెళ్ళిళ్ళ రోజులు. ఈ ముహూర్తాల్లో అమ్ముకోకపోతే మేకమ్మ కొట్టు మూసుకుని, మళ్ళీ కొండెక్కి తుప్పలు మేసుకోవాల్సిందే.

ఆఖరికి మునిసిపాలిటీ పెద్ద ఎద్దుగారు ఒక నియమం పెట్టారు: ఎవరి బోర్డూ వాళ్ళ గుమ్మం కంటే పెద్దదిగా ఉండకూడదు. కొలిచే పని కొంగగారికి అప్పగించారు. అందరూ బోర్డులు కోయించుకున్నారు. వీధికి వెలుతురొచ్చింది. ఇన్నాళ్ళూ మరుగున పడ్డ కానుగ చెట్టు కూడా బయటపడింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నక్క బోర్డు తగ్గించలేదు, గుమ్మం పెంచాడు! ముందు గోడంతా కూలగొట్టించి బోర్డంత గుమ్మం పెట్టించాడు.

"కొలుచుకోండి కొంగగారూ! గుమ్మమెంతో బోర్డూ అంతే."

కొంగ ఒకటికి రెండుసార్లు కొలిచింది. "నియమం ప్రకారం సరిగ్గానే ఉంది మరి."

"నా కొట్టు కనబడట్లేదు కదండీ!" అంది మేకమ్మ.

"నన్ను కొలవమన్నారమ్మా. కనబడుతోందా లేదా చూడమనలేదు."

నక్క పళ్ళికిలించాడు. "దిగులెందుకు మరదలా? అమ్ముడుపోని విస్తళ్ళు నువ్వే మేసెయ్. వంటపని తప్పుతుంది!"

మేకమ్మ ఆ కొత్త గుమ్మాన్ని కింది నుంచి పైదాకా చూసింది. బోర్డు మీది అక్షరాలూ చదువుకుంది.

మర్నాడు ఏనుగు మావయ్య బెల్లం కోసం వచ్చి, అలవాటుగా వీధిలోనే నిలబడ్డాడు. ఏనాడూ లోపల అడుగుపెట్టి ఎరగడు. నక్క గుమ్మంలోంచే గులకరాయంత బెల్లం ముక్క విసిరి డబ్బు గుంజేవాడు.

"బయటే ఉన్నావేం మావయ్యా?" అంది మేకమ్మ.

"నా ఒళ్ళు ఏ గుమ్మంలో పడుతుందే అమ్మాయ్?"

"అటు చూడు. ఆ బోర్డేమంటోందో కూడా చదువు."

ఏనుగు కూడబలుక్కుని చదివాడు: "లోపలికి దయచేయండి. రుచి చూశాకే కొనండి." కళ్ళు చెమర్చాయి పాపం. "నా కోసం గోడే పడగొట్టించాడా! వీణ్ణి ఎన్నేసి మాటలన్నానో!"

లోపలికి వెళ్ళి ఒక కుండెడు బెల్లం రుచి చూశాడు. "ఇది కాస్త ఉప్పగా ఉంది. దాన్ని చూద్దాం."

నక్క లబోదిబోమన్నాడు. "మావయ్యా, రుచి చూడ్డమంటే వేలితో తీసి నాలిక్కి రాసుకోవడం!"

"నాకు వేళ్ళేవిరా నాయనా? ఉన్నది తొండమే."

"ఇంతకీ కొంటావా, కొనవా?"

"అన్నీ చూడకుండా ఎలా కొంటాను? రాసింది నువ్వేగా." సాయంత్రానికి ఏనుగు త్రేన్చి లేచాడు. "ఇవాళ్టికి కడుపు నిండిపోయింది. రేపు మీ అత్తయ్యనీ పిల్లల్నీ తీసుకొస్తా."

తెల్లారకుండానే నక్క కందిరీగ మేస్త్రీని పిలిచాడు. "నేను దూరేంత వదిలి మిగతాది పూడ్చెయ్!"

కొంగ మెడ సాచింది. "గుమ్మం తగ్గితే బోర్డూ తగ్గాలి నక్కా."

"బోర్డు ఉంచుకుంటానంటే?"

"గుమ్మమూ ఉంచుకో."

రేవు వైపు నుంచి ఘీంకారాలు వినబడ్డాయి. ఒకటి కాదు, నాలుగైదు గొంతులు. "కొయ్యండి బాబూ, కొయ్యండి!" అంటూ నక్క తనే బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది వాడి పని.

ఏనుగులు వచ్చేసరికి మూరెడే మిగిలిన గుమ్మం చూసి నిట్టూర్చి వెళ్ళిపోయాయి. వాటి వెనకే పెళ్ళి సామాన్లకని బయల్దేరిన బాతులు టక్కున ఆగాయి.

"అరె, ఇక్కడ విస్తళ్ళ కొట్టుందే! ఎప్పుడు పెట్టావమ్మా?"

"ఎప్పట్నుంచో ఉందండీ," అంది మేకమ్మ, కట్టలు దించుతూ. "ఎన్ని కావాలి?"

పక్కవాణ్ణి మరుగుపరచడానికి పెంచుకున్న గుమ్మంలోంచి ముందుగా లోపలికొచ్చేది మన నష్టమే.