వరదాచార్యులుగారి గ్లాసు

మా చిన్నతాతగారు తిరువేంగళాచార్యులుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు ఏదో ఒక పని అప్పజెప్పేవారు. చింతపండులో పిక్కలు తియ్యమనో, తులసికోటకు నీళ్ళు పొయ్యమనో, పోస్టాఫీసు దాకా వెళ్ళి రమ్మనో. ఆ పని ముగించి వచ్చేసరికి సగంమంది తాము అడిగిందేమిటో మరిచిపోయేవారు. "మరిచిపోయే ప్రశ్నకు జవాబు చెప్పి నా నోరెందుకు నొప్పించుకోవడం?" అనేవారు తాతగారు. మిగిలిన సగంమంది కోసం రోజూ సాయంత్రం మా వసారాలో చాప పరిపించుకుని కూర్చునేవారు.

ఆ మిగిలినవాళ్ళలో విశ్వపతిగారొకరు. కరెంటాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. మంచివారు, భక్తి ఉన్నవారు, అన్నిటికంటే ముఖ్యంగా మోకాళ్ళు ఉన్నవారు. వసారా మెట్లెక్కుతూనే ఆయన అనే మొదటి మాట, "అమ్మాయీ, కుర్చీ!" అందరూ చాప మీద కూర్చుంటే ఆయన కోసం నేను లోపల్నుంచి కుర్చీ తెచ్చి వెయ్యాలి. రెండో మాట, ఆ పూట ఏ మోకాలు ఎంత బాధపెడుతోందో. ప్రశ్న మూడోది.

ఆ ఏడు రోహిణి కార్తెలో ఒక శనివారం ఆయన అడిగిన ప్రశ్న ఇది. "గురువుగారూ, జపానికి నలభై నిమిషాలు కూర్చుంటే ముప్ఫైతొమ్మిది నిమిషాలు నా మోకాళ్ళనే తలుచుకుంటున్నాను. ఆ మిగిలిన ఒక్క నిమిషం టైమెంతయిందో చూసుకుంటున్నాను. ఈ మనసు భగవంతుడి మీద నిలవాలంటే ఏం చెయ్యాలి? మీరు చెప్పకపోతే ఈ మాల మీకే ఇచ్చేసి ఊరుకుంటాను." నవ్వుతూ అన్న మాట కాదది.

తాతగారు విసనకర్ర ఆపి, "రేపు మన కనకవల్లి చలివేంద్రంలో పని ఎక్కువ. పొద్దున్నే ఐదింటికి వచ్చెయ్యి" అన్నారు.

"అక్కడ కుర్చీ ఉంటుందాండీ?"

"బెంచీ ఉంది."

కనకవల్లి మా పెద్ద మేనత్త. అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. స్టేషను రోడ్డు మలుపులో ప్రతి వేసవిలోనూ ఒక తాటాకు పందిరి వేయించి, రెండు పెద్ద కుండల్లో మజ్జిగ పెట్టుకుని కూర్చునేది. ఒక బెంచీ, పన్నెండు స్టీలు గ్లాసులు. ఒక్కో గ్లాసు మీద మా ఇంట్లో గతించిన పెద్దల్లో ఒకరి పేరు చెక్కించి ఉండేది. దారినపోయేవాళ్ళు దాహం తీర్చుకుంటే ఆ పెద్దలకూ దాహం తీరుతుందని ఆవిడ నమ్మకం. నియమాలు రెండే: కూర్చుని తాగాలి, గ్లాసు తిరిగి చేతికివ్వాలి. పన్నెండో గ్లాసు మా మామయ్య వరదాచార్యులుగారిది. ఆయన రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసేవారు. ఎక్కడికి వెళ్ళేదీ, ఎప్పుడొచ్చేదీ చెప్పే అలవాటు లేని మనిషి. ఒక మే నెల మధ్యాహ్నం అత్తయ్య వంటింట్లో ఆయన కోసం మజ్జిగ కలుపుతూ ఉండగానే చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు. ప్లాట్‌ఫారం మీద వడదెబ్బ తగిలి పడిపోయారు. ఇంట్లో కలిపిన మజ్జిగ కలిపినట్టే ఉండిపోయింది. ఆ మరుసటి ఏడు మొదలయింది మా అత్తయ్య పందిరి. ఆ పేరు మాత్రం ఆవిడ నోటితో పలికేది కాదు. పాతకాలపు మనిషి. "ఆయన గ్లాసు" అనేది, అంతే.

ఆ ఆదివారం మా ఒంగోల్లో మొట్టమొదటి మారథాన్. పరుగు పది కిలోమీటర్లే, పేరు మాత్రం మారథానే. ఎనిమిదో కిలోమీటరు దగ్గర అత్తయ్య పందిరి పడుతుందని, పరుగెత్తేవాళ్ళకు అక్కడే దాహం ఇప్పించమని నిర్వాహకులు వచ్చి అడిగి, రెండు పెట్టెల కాగితం గ్లాసులు ఇచ్చి వెళ్ళారు. "తాగి రోడ్డు మీద పారేసే గ్లాసులో ఇస్తే అది దానమా, దులపరింపా?" అని అత్తయ్య ఆ పెట్టెలు తీసుకెళ్ళి మంచం కింద పెట్టేసింది.

ఐదున్నరకు మొదలు కావలసిన పరుగు ఏడూ ముప్పావుకు మొదలైంది. జెండా ఊపవలసిన ముఖ్య అతిథిగారు వేళకే వచ్చారుగాని, పంచాంగం చూసుకుని, వర్జ్యం వెళ్ళేదాకా జెండా ముట్టుకోనన్నారట. వర్జ్యం వెళ్ళింది, ఎండ వచ్చింది. వాళ్ళు మా మలుపు దగ్గరకు చేరేసరికి తారురోడ్డు పెనంలా ఉంది.

మొదట వచ్చినాయన హైదరాబాదు నుంచి వచ్చారట. నల్లకళ్ళద్దాలు, పసుపుపచ్చ బూట్లు. నిలబడకుండానే గ్లాసు అందుకుని, నీళ్ళనుకుని మొత్తం నెత్తిన కుమ్మరించుకున్నారు. కరివేపాకు ఒకటి చెవి మీద నిలిచింది. "నాయనా, అది తాగేది. అభిషేకం గుళ్ళో చేయిస్తారు" అంది అత్తయ్య, గ్లాసు వెనక్కి తీసుకుంటూ. ఆ తరవాత బ్యాంకులో పనిచేసే ఆడపిల్లలు నలుగురు వచ్చి, నియమప్రకారం బుద్ధిగా బెంచీ మీద కూర్చుని తాగారు. తాగి, మళ్ళీ లేవలేదు. అల్లం దంచి వేశారా తురిమి వేశారా అని అడిగి తెలుసుకుని, అందులో ఒకమ్మాయి భర్తకు ఫోను చేసి స్కూటరు తెమ్మంది. వాళ్ళ వెనక హైస్కూలు డ్రిల్లు మాస్టారు వచ్చారు. "అమ్మగారూ, కూర్చుంటే లేవలేను, నన్ను నిలబడి తాగనివ్వండి" అని దండం పెట్టారు. "నియమం నియమమే బాబూ" అంది అత్తయ్య. ఆయన కూర్చున్నారు. నిజమే చెప్పారు పాపం, లేపడానికి ఇద్దరు కావలసివచ్చింది.

ఇలా ఉండగా రెండువందల పద్నాలుగో నంబరు బరువైన అడుగులతో వచ్చాడు. సన్నటి కుర్రవాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కందిపోయిన మొహం. చెయ్యి చాపాడు. అత్తయ్య అవతలి కుండలో గరిటె తిప్పుతోంది. పొద్దున్నే వచ్చి మజ్జిగ అందిస్తున్న విశ్వపతిగారు అప్పుడే డ్రిల్లు మాస్టారితో తన ఎడమ మోకాలి చరిత్ర మొదలుపెట్టి ఉన్నారేమో, అటు చూడకుండానే చేతికందిన గ్లాసు ముంచి ఇచ్చేశారు. కూర్చోమననూ లేదు. ఆ అబ్బాయి గ్లాసు పట్టుకుని అలాగే సాగిపోయాడు.

అత్తయ్య ఇటు తిరిగి బల్ల మీద చూసింది. పదకొండే ఉన్నాయి. ఒక్కొక్కటే తిప్పి పేర్లు చదివింది.

"ఆయనేరీ?"

"ఎవరండీ?" అన్నారు విశ్వపతిగారు.

"ఆయన గ్లాసండీ! ఎవరికిచ్చారు?"

విశ్వపతిగారు రోడ్డు వైపు వేలు చూపించారు. అత్తయ్య కొంగు నడుముకు దోపింది. "మళ్ళీ చెప్పకుండానే వెళ్ళిపోయారూ!" అని ఒక్క కేకవేసి, చేతిలో గరిటె చేతిలో ఉండగానే, చెప్పులైనా వేసుకోకుండా పరుగందుకుంది.

తాతగారు పందిట్లో మూలన కూర్చుని ఉన్నారు. తాపీగా గొడుగు తీసి ఇచ్చారు. "విశ్వపతీ, ఎండగా ఉంది. మా అమ్మాయికి పట్టు."

విశ్వపతిగారు గొడుగును చూశారు, తన మోకాళ్ళను చూసుకున్నారు, చివరికి తాతగారి మొహం చూసి బయల్దేరారు. అత్తయ్య చెప్పులు రెండూ చేతబట్టుకుని నేనూ వాళ్ళ వెనకపడ్డాను.

ఆ రెండు కిలోమీటర్లూ గొడుగు నీడ అత్తయ్యకు రెండు బారల వెనకే పడింది. చెప్పులు ఆ గొడుగుకు రెండు బారల వెనక. "అబ్బాయ్! ఆగు బాబూ!" అని ఆవిడ పిలుస్తూనే ఉంది. చెవుల్లో పాటలున్నవాడికి ఏం వినిపిస్తుంది? ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగి చూశాడు. గరిటెతో ఒక పెద్దావిడ, గొడుగెత్తుకుని ఒకాయన, చెప్పులు పట్టుకుని నేను. అప్పటిదాకా ఈడుస్తున్న కాళ్ళకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వేగం, బాణంలా పోయాడు. కూడలి దగ్గర కానిస్టేబులు అడ్డువచ్చాడు. "ఏమైందమ్మా?"

"మావారిని పట్టుకుపోతున్నాడు!"

"ఎవరూ, ఆ బక్కోడా?" అతను రోడ్డు ఆ చివరిదాకా చూశాడు. "మీవారెక్కడమ్మా? పేరు చెప్పండి, మైకులో పిలిపిద్దాం."

"పేరెలా చెప్పనయ్యా!" అని అత్తయ్య అతన్ని తప్పించుకుని ముందుకు ఉరికింది. ఏమీ పాలుపోక అతను ఈల ఊదాడు. ఆ ఈల విని, రోడ్డుకు రెండువైపులా ఉన్నవాళ్ళంతా ఇదీ మారథానులో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు.

స్టేడియం గేటు దాటి ఆ అబ్బాయి గడ్డి మీద కూలబడ్డాడు. వెనకే అత్తయ్య వెళ్ళింది. గీత దాటిన ప్రతివాళ్ళకూ పతకం వెయ్యమని చెప్పి నిలబెట్టిన అమ్మాయి ఆవిడ మెళ్ళోనూ ఒకటి వేసింది. విశ్వపతిగారికి గొడుగుతో సహా వేసింది. చెప్పులు చూసి నన్నొదిలేసింది.

"ఇది నాకెందుకమ్మా, నా గ్లాసేదీ?" అంటోంది అత్తయ్య.

గ్లాసు ఆ అబ్బాయి గుండెల మీద ఉంది, రెండు చేతులతో పొదివి పట్టుకుని ఉన్నాడు. ఇయర్‌ఫోన్లు తీసి, లేచి కూర్చున్నాడు. "మామ్మగారూ, కొట్టకండి. ఎక్కడన్నా పారేద్దామంటే స్టీలు గ్లాసాయె. పైగా పేరుంది. పేరున్న వస్తువు రోడ్డు మీద పడెయ్యడానికి చెయ్యి రాలేదు. అసలు మీ పందిరి దాటాక ఆటో ఎక్కి ఇంటికి పోదామనుకున్నా. వెనక మిమ్మల్ని చూసి ఆగే ధైర్యం లేకపోయింది."

ఇంతలో మైకు పట్టుకున్నాయన పరుగున వచ్చాడు. అరవై ఐదేళ్ళు దాటిన ఆడవాళ్ళలో అత్తయ్యే మొదట వచ్చిందట. రెండో ఆవిడ లేదు. "మీ పేరు తల్లీ?" చెప్పింది. "మీవారి పేరు?" అత్తయ్య గ్లాసు తీసుకుని, పేరున్న వైపు తిప్పి ఆయన కళ్ళ ముందు పట్టింది. "శ్రీ వరదాచార్యులుగారి శ్రీమతి కనకవల్లిగారు!" అని స్టేడియమంతా మోగేలా చదివాడాయన. చప్పట్లు కొట్టారు. అత్తయ్య కొంగు తలమీదకు లాక్కుంది. ఆ పేరు మా ఊళ్ళో అంత గట్టిగా వినపడి ఇరవై రెండేళ్ళయింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఆ అబ్బాయి వైపు తిరిగింది. "నీ పేరేమిటి బాబూ?"

"మస్తాన్‌వలీ అండీ."

"ఇందులో మజ్జిగ తాగావా?"

వాడు తన చొక్కా చూపించాడు. "పరుగులో అంతా దీని మీదే ఒలికిపోయిందండీ. చుక్క కూడా గొంతులో పడలేదు."

అత్తయ్య అక్కడున్న డ్రమ్ములోంచి గ్లాసు నిండా నీళ్ళు ముంచుకొచ్చింది. "విశ్వపతిగారూ, గొడుగు ఇటు పట్టండి" అని, ఆ నీడలో మస్తాన్‌వలీని సరిగ్గా కూర్చోబెట్టి ఇచ్చింది. వాడు ఆఖరి చుక్క దాకా తాగేవరకూ కదలకుండా నిలబడింది. తరవాత గ్లాసు తీసుకుని కొంగుతో తుడిచింది.

"ఇప్పటికి తాగారు" అనుకుంది నెమ్మదిగా. పక్కనే ఉన్నాను గనుక నాకు వినబడింది.

ఆ సాయంత్రం వసారాలో ఎప్పటిలాగే చాప పరిచాను. విశ్వపతిగారి గొంతు వీధిలో వినబడగానే కుర్చీ కోసం లోపలికి వెళ్ళాను. నేను తిరిగి వచ్చేసరికి ఆయన మెట్లెక్కేసి, చాప మీద తాతగారికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. జేబులోంచి పతకం రిబ్బను వేలాడుతోంది. చేతిలో మాల ఉంది. దాన్ని తాతగారి ముందు పెట్టారు.

"గురువుగారూ, నేను మరిచిపోయే రకం కాదు. నిన్నటి ప్రశ్న నాకు గుర్తుంది. మనసు నిలవాలంటే ఏం చెయ్యాలన్నాను. పొద్దున్నంతా ఆ గ్లాసు వెనక పరుగుతోనే సరిపోయింది. మీరు ఒక్క ముక్క చెప్పలేదు."

కుర్చీ పట్టుకుని నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. తాతగారు కుర్చీ వంక చూశారు. ఆయన మోకాళ్ళ వంక చూశారు. మాల తీసి ఆయన చేతిలోనే పెట్టి, మళ్ళీ విసనకర్ర అందుకున్నారు.

"కుర్చీ అడగలేదేం, ఇవాళ?"